మహారాజశ్రీ బోరుగారి సముఖమునకు

మహారాజశ్రీ బోరుగారికి అనంతపురం జిల్లా మెట్ట రైతు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఎంత లోతున క్షేమంగా ఉన్నారో మాత్రం అంతు చిక్కడం లేదు. మా తాతల కాలంలో ముప్పై, నలభై అడుగుల బావిలోకి తొంగి చూస్తే నీళ్లు కనపడేవి. కపిల కట్టి ఎద్దులతో తోడేవాళ్లు. ఎద్దులు అలిసిపోతే తోడడం ఆగేది, ఆ కాసేపట్లో బావి మళ్లీ ఊరేది. తమరు వచ్చాక ఈ అలిసిపోవడమనే దురలవాటు పోయింది. మొదట 150 అడుగులన్నారు, తర్వాత 300 అన్నారు. ఇప్పుడు వెయ్యి దాటినా రిగ్గు మేస్త్రీ "ఇంకో రెండు రాడ్లు దింపి చూద్దాం రెడ్డీ" అంటాడు. నేను రెడ్డిని కాదు. అడుగుకింత అని డబ్బులిచ్చే ప్రతివాడూ అతనికి రెడ్డే.

విషయమేమంటే, మా ఊరి టీకొట్టు దగ్గర తమరి గురించి రోజూ పంచాయితీ. నీళ్లు ఎందుకు పోయాయంటే ఒక బెంచీ వాళ్లు "జనం పెరిగిపోయారు" అంటారు. ఎదుటి బెంచీ వాళ్లు "వాతావరణం మారిపోయింది" అంటారు. రెండు బెంచీల వాళ్లూ ఎంత కొట్లాడుకున్నా తమరి పేరు మాత్రం ఎత్తరు. ఈ మర్యాద చూసి నాకు ముచ్చటేసింది. తమరి ఘనత తమరికైనా చెబుదామని ఈ జాబు.

ముందు జనం సంగతి. 2001 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి జిల్లాలో 36 లక్షల పైచిలుకు ఉన్నాం, 2011 నాటికి 40 లక్షలు దాటాం. పెరిగాం, కాదనను. కానీ మనిషి తాగే నీళ్లెన్ని? చుట్టమొచ్చి తాగిపోయినా బిందెడు చాలు. అసలు ఖర్చంతా పంపకాల్లో ఉంది. దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, అంటే ఐదున్నర ఎకరాల పైమాట. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు దిగింది. ఇద్దరు అన్నదమ్ములు విడిపోతే పొలాన్ని కొలిచి గట్టు వేయొచ్చు, ఎద్దుల్ని చెరొకటి తోలుకుపోవచ్చు. బోరును పంచడం ఎలా? కాబట్టి అన్నకొకటి, తమ్ముడికొకటి. వాళ్ల కొడుకులకు తలా ఒకటి. నేల కింద ఉన్నదేమో గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలోనే. గట్టుకు ఇవతల ఉన్న పగులే గట్టుకు అవతలా ఉంటుంది. ఒకే కుండలో నాలుగు గరిటెలు తిప్పుతూ ఎవరి గరిటె పొడుగుందని పందెం వేసుకున్నట్టుంది మా వ్యవసాయం. తమ్ముడు 600 వేస్తే అన్న 700 వేస్తాడు. దాంతో తమ్ముడి బోరు గాలి కక్కుతుంది. ఆస్తి పంచుకున్నప్పుడు పుట్టని పగ అప్పుడు పుడుతుంది.

తమరి దర్శనానికి మేం చేసే క్రతువు లోకంలో ఏ దేవుడికీ జరగదు. ముందు పాయింటు చూసేవాడు వస్తాడు. ఒకడు వై ఆకారం వేపపుల్ల పట్టుకుంటాడు, ఇంకొకడు అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెడతాడు. కాయ నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. చదువుకున్న కొడుకుంటే జియాలజిస్టును కూడా పిలిపిస్తాడు. కాయ చూపిన చోటుకీ యంత్రం చూపిన చోటుకీ మధ్య ఇంటి పెద్ద ఎక్కడ కాలు పెడితే అక్కడ తవ్వుతారు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీ అర్ధరాత్రి దిగుతుంది. టెంకాయ, కర్పూరం, నిమ్మకాయ. తెల్లారేసరికి ఊరంతా తెల్లటి దుమ్ము. "రెండంగుళాల నీళ్లు పడ్డాయి" అన్న మాట కోసం ఆడవాళ్లు తిండి మానేసి కూర్చుంటారు. 2002లో నీళ్లు, భూమి, చెట్లను కాపాడేందుకని వాల్టా చట్టం వచ్చింది, అనుమతి లేకుండా బోరు వేయకూడదు. ఆ చట్టం పగటిపూట ఖచ్చితంగా అమలవుతోంది.

ఇక వాతావరణం. కరువు మాకు కొత్తేమీ కాదు. 1876-78 ధాత కరువునాటికి తమరూ లేరు, పొగగొట్టాలూ లేవు. అయినా జనం రాలిపోయారు. సగటు వాన 550 మిల్లీమీటర్లు. జైసల్మేర్ తర్వాత మనమేనని ఏదో కప్పు గెలిచినట్టు చెప్పుకుంటాం. కొత్తగా వచ్చిందల్లా వాన తీరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదట. అందుకే చాలాకాలం బిగబట్టుకుని, ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. వేరుశనగకు ఊడలు దిగే వేళ తడి కావాలి. అప్పుడు ఇరవై రోజులు ఆకాశం మొహం చాటేస్తుంది. రైతేం చేస్తాడు? తమరి గుమ్మం తొక్కుతాడు. ఎండ పెరిగితే పైరుకు దాహం, దాహమైతే మోటారు. ఈ లెక్కన పోతే 2080 నాటికి మన దేశంలో భూగర్భజలం తరిగే వేగం ఇప్పటికి మూడింతలు కావచ్చని 2023లో ఒక పరిశోధన అంచనా కట్టింది. వానలు కాస్త పెరిగినా సరే, వేడికి భయపడి రైతులు తోడేది అంతకంటే ఎక్కువట.

మరి మోటారు తిరగాలంటే? 2004 నుంచి కరెంటు ఉచితం. ఎప్పుడు వస్తుందో చూసుకునే శ్రమ లేకుండా ఆటో స్టార్టరు పెట్టుకున్నాం. కరెంటొస్తే తానే మొదలవుతుంది. మళ్లో నీళ్లు నిండి రోడ్డెక్కినా దాని మానాన అది తిరుగుతుంది. అటు ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రంలో బొగ్గు మండుతుంది. పొగకు వేడి, వేడికి దాహం, దాహానికి మోటారు, మోటారుకు బొగ్గు. ఇన్ని పనులు ఒక్క చేత్తో చేసేవారు తమరు కాక ఇంకెవరున్నారు? సోలారు పంపు పెట్టుకోమని సలహా ఇస్తున్నారు. పొగ ఉండదు, నిజమే. సూర్యుడికి బిల్లు లేదు, కోత లేదు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా తోడుకోవచ్చు.

పైన వానొస్తే ఇంకిపోవాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇంకడానికి చోటుండాలి. మా పెద్దలు చెరువు కట్టి ఆ పక్కన ఊరు కట్టారు. బుక్కరాయసముద్రం, ధర్మవరం, బుక్కపట్నం, అన్నీ చెరువు పెట్టిన భిక్షే. తమరు దయచేశాక చెరువులో పూడిక తీసే పని ఎవరికీ గుర్తు రాలేదు. ఆయకట్టు రైతుకే అక్కర్లేని చెరువు ప్లాట్లు వేసేవాడికి అక్కరకొచ్చింది. జనం పెరిగారు, ఇళ్లు కావాలి, వాగులు, వంకల్లో స్థలం చవక. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. కరువు జిల్లా కేంద్రంలో జనం మిద్దెలెక్కి కూర్చుని తాగడానికి నీళ్లడిగారు. ఇంకాల్సిన నీళ్లు డ్రాయింగు రూముల్లోకి వచ్చి, సోఫాలు తడిపి, చూసి వెళ్లిపోయాయి. వారం తిరక్కముందే నీళ్ల క్యాన్ల ఆటో యథావిధిగా మైకు పెట్టుకుని తిరిగింది.

తమరు మొహం చాటేసినవాళ్లు ఊరు విడిచి బెంగళూరు పోతారు. కట్టడం పనులు, వాచ్‌మన్ పనులు. పాపం, తమరి నుంచి తప్పించుకున్నామనుకుంటారు. 2024 ఎండాకాలంలో అక్కడి నగరపాలిక బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయి. ఎండిన బోరును వదిలి వెళ్లినవాడు ఎండిన బోరున్న అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడి ట్యాంకర్లు లెక్క రాసుకున్నాడు. తమరి బ్రాంచీలు అన్ని ఊళ్లలోనూ ఉన్నాయని వాడికెవరు చెప్పాలి?

మధ్యలో ఒక శుభవార్త. 2019-21 సర్వే లెక్కన మన రాష్ట్రంలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. అంటే జనం బెంచీ వాళ్ల వాదన ఇక ముందు ముందు చెల్లదు. వాళ్లు కంగారు పడకుండా 2024లో ముఖ్యమంత్రిగారు ఎక్కువ మందిని కనమని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధన కూడా ఎత్తేశారు. ముసలివాళ్లు ఎక్కువైపోతున్నారని ఆయన బాధ, అందులో అర్థం లేకపోలేదు. మూడోవాడికి మాత్రం ఏ పగులులో బోరు వేయాలో సర్వేయరుకే తెలియాలి.

తమరి వంశం గొప్పతనం గురించి ఈమధ్యే చదివాను. 1993 నుంచి 2010 దాకా మనుషులు ప్రపంచమంతటా తోడిన నేల నీళ్లు 2,150 గిగాటన్నులట. అంత బరువు అక్కడినుంచి ఇక్కడికి మారేసరికి భూమి ఇరుసు 80 సెంటీమీటర్ల దాకా జరిగిందని శాస్త్రవేత్తలు 2023లో లెక్క తేల్చారు. ఆ నీళ్లు చివరికి చేరింది సముద్రంలోకే, దాని మట్టం 6 మిల్లీమీటర్లు పెరిగింది. ఇందులో పెద్ద చేయి వాయవ్య భారతంలోని తమరి దాయాదులదీ, పడమటి అమెరికాలోని వారిదీ. అయినా రక్తసంబంధం కదా. అనంతపురం రైతు మోటారు వేస్తే కాకినాడ పక్క ఉప్పాడ తీరాన ఇంకో ఇంటి గోడకు అల తగులుతుంది. భూగోళాన్ని పక్కకు నెట్టినవారిని మా పంచాయతీ ఆఫీసులో ఒక అప్లికేషన్‌తో కట్టడి చేయాలనుకోవడం మా అమాయకత్వం.

అప్పు సంగతి రాయడం లేదు, అది తమరికి తెలిసిందే. పక్క చేనువాళ్లు రేపు రాత్రికి రిగ్గును రమ్మన్నారు, 1,200 అడుగులకు మాట్లాడుకున్నారు. నాకు మర్యాదకైనా కబురు చెప్పలేదు. తమరు ఇంకాస్త కిందికి దిగబోతున్నట్టయితే ఈ రాత్రికే తెలియజేయగలరు, నేను 1,300కు అడ్వాన్సు ఇచ్చుకుంటాను.

ఇట్లు,
పాసుపుస్తకం బ్యాంకులో, నమ్మకం తమరి దగ్గర తాకట్టు పెట్టినవాడు