కిల్ మైనస్ 9కీ లేవని డీ స్టేట్ దొరగారికి

గౌరవనీయులైన డీ స్టేట్ ప్రాసెస్ గారికి,

బెంగళూరు మారతహళ్ళి నుంచి నమస్కారాలు. లైనక్స్ మెషీన్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్, అంటే ప్రాసెస్, అయిన తమరు శుక్రవారం భోజనాలయ్యాక ఎవరు లేపినా లేవని నిద్రలో, అంటే డీ స్టేట్‌లో, పడుకున్నారు. స్టోరేజీ వాళ్ళు మాతో ఒక్క మాటైనా అనకుండా నెట్‌వర్క్ మీద ఫైళ్ళు అందించే పాత ఎన్ఎఫ్ఎస్ సర్వర్ని పీకేశారు. తమరు అక్కడి ఫైలు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆ ఫైళ్ళని మా మెషీన్‌కి తగిలించింది హార్డ్ మౌంట్‌గా కదా, సర్వర్ పలికేదాకా అడుగుతూనే ఉంటుంది. సాయంత్రం టిన్ ఫ్యాక్టరీ దగ్గర నేనెక్కాల్సిన కడప బస్సు నేను లేకుండానే వెళ్ళిపోయింది. మేనకోడలి ఓణీల ఫంక్షన్ వాట్సాప్‌లో చూశాను. ఫోటోలు బాగున్నాయి.

మొదట మర్యాదగా, ఆగిపొమ్మని అడిగే సిగ్నల్ సిగ్‌టర్మ్, అంటే 15, పంపాను. దాన్ని పట్టించుకోకుండా ఉండే హక్కు తమకుంది, ఒప్పుకుంటాను. తర్వాత 9, అంటే చంపేసే సిగ్నల్ సిగ్‌కిల్. సిగ్‌కిల్‌ని పట్టుకోవడం గానీ, అడ్డుకోవడం గానీ, విననట్టు ఊరుకోవడం గానీ ఏ ప్రాసెస్‌కీ కుదరదని కదా మాకు చెప్పింది! ఇంటర్వ్యూలో అదే అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాం. ఆ పాఠంలో తమరి ఊసే లేదు. సిగ్నల్ వచ్చిందని లైనక్స్ గుండెకాయ కెర్నెల్ రాసి పెట్టుకుంటుందట. తమరు లేచి, తమ సొంత కోడ్ నడిచే యూజర్ మోడ్‌కి తిరిగి వెళ్ళే దారిలో దాన్ని చూసుకుని, అప్పుడు పోతారట. చావాలంటే ముందు లేవాలి. లేవాలంటే సర్వర్ పలకాలి. సర్వర్ లేదు! నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారు. అన్నవాళ్ళెవరూ ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో డీ అనే అక్షరం చూసి ఉండరు.

తమ పక్షాన ఒక మాట చెప్పాలి. డిస్క్ నేరుగా మెమరీలోకి రాస్తున్నప్పుడు మధ్యలో మిమ్మల్ని చంపి, ఆ మెమరీ ఇంకొకరికి ఇచ్చేస్తే డేటా సర్వనాశనం. అందుకే ఈ నిద్ర పెట్టారు. సరే. కానీ డిస్క్‌కైతే అది మిల్లీసెకన్ల పని. లేని సర్వర్‌ కోసం పొద్దుగూకేదాకా కాపలా ఏంటండీ? 2008లో 2.6.25 కెర్నెల్‌తో టాస్క్ కిల్లబుల్ వచ్చింది, ప్రాణం తీసే సిగ్నల్‌కి మాత్రం లేచే నిద్ర. ఎన్ఎఫ్ఎస్ కోడ్‌లోనూ చాలాచోట్ల దాన్నే పెట్టారు. తమరు వెతికి వెతికి పాత నిద్ర మిగిలిన చోటే పక్క వేసుకున్నారు.

ఏ మౌంట్ పోయిందో చూద్దామని మౌంట్ల జాబితా చూపే డీఎఫ్ కమాండ్ కొడితే, అదీ తమ పక్కనే పడుకుంది. మెషీన్ మీద ఎంత భారముందో చెప్పే లోడ్ యావరేజీలో లైనక్స్ తమలాంటి వాళ్ళనీ కలుపుతుంది గనక సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ ఎక్కుతూనే పోయింది. గ్రాఫ్ చూసిన మేనేజర్ ఇంకొన్ని కోర్లు వేయమన్నాడు. మరో మహానుభావుడు ప్రయారిటీ పెంచమన్నాడు. నైస్ -20 ఇచ్చినా, రియల్‌టైమ్ 99 ఇచ్చినా ఎవరికివ్వాలి? షెడ్యూలర్ చూసేది పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళనే. నువ్వసలు రన్ క్యూలోనే లేవు కదరా!

ఇంక తమరూ లేదు గిమరూ లేదు. 120 సెకన్లు దాటింది, వీడు కదలడం లేదని కెర్నెలే లాగ్‌లో రాస్తుంది. రాసి ఊరుకుంటుంది. రీబూట్ కొడితే అన్‌మౌంట్ దగ్గర మళ్ళీ నువ్వే అడ్డం. చివరికి రిమోట్ కన్సోల్ నుంచి కరెంటే తీసేశాను. అప్పుడు మాత్రం కిక్కురుమనకుండా పోయావు.

ఇట్లు,
నిన్ను పుట్టించిన పేరెంట్ ప్రాసెస్‌ని కూడా చంపి చూసినవాడు