80 టెస్టుల ప్యాకేజీ కన్నా పావుగంట డాక్టర్ మేలు

మార్చి నెల వచ్చిందంటే బెంగళూరులో మన ఐటీ వాళ్ళ ఫోన్లకి ఒకటే మెసేజ్‌లు, ఫుల్ బాడీ చెకప్, 80 టెస్టులు, ఇంటికొచ్చి బ్లడ్ తీసుకెళ్తాం, ట్యాక్స్ మినహాయింపు కింద 5,000 దాకా చూపించుకోవచ్చు అని. మారతహళ్ళి, బెళ్ళందూరు, ఎలక్ట్రానిక్ సిటీ ఎక్కడ చూసినా అనంతపురం నుంచో కడప నుంచో వచ్చిన అమ్మానాన్నలకి పిల్లలు ప్రేమగా చేయించేది ఇదే. ఆ ప్రేమని తప్పు పట్టట్లేదు. కానీ ఒంట్లో ఏ బాధా లేని మనిషికి ఇలా గంపగుత్తగా చేయించే బ్లడ్ టెస్టులు, స్కానింగులు ఉన్న జబ్బుని పట్టుకోడం కన్నా లేని జబ్బుని అంటగట్టడమే ఎక్కువ, ఈ మాట గట్టిగానే చెప్తున్నా.

టెస్టు మంచిదా కాదా అని అడుగుతాం గానీ ఎవరికి చేస్తున్నాం అని అడగం, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఒక టెస్టు జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టేస్తుంది, లేని 100 మందిలో 90 మందికి లేదనే చెప్తుంది అనుకుందాం, వినడానికి బాగుంది కదా. 1000 మందిలో 10 మందికే ఆ జబ్బుంటే 9 మంది దొరుకుతారు, మిగతా 990 మందిలో 99 మందికి ఏమీ లేకుండానే పాజిటివ్ వస్తుంది, అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి 12 మందిలో నిజంగా జబ్బున్నది ఒక్కరికే. అదే టెస్టుని డాక్టర్ చూసి, నొప్పెక్కడ, ఎన్నాళ్ళనుంచి అని అడిగి, సగం మందికి ఉండొచ్చనిపించిన గుంపుకి చేస్తే పాజిటివ్‌లో 90 శాతం నిజమే అవుతాయి. మెషిన్ మారలేదు, కెమికల్ మారలేదు, ముందు అడిగిన నాలుగు ప్రశ్నలే తేడా! ఈ లెక్క డాక్టర్లకీ తేలిక కాదు. 1978లో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో 60 మంది స్టూడెంట్లని, డాక్టర్లని ఇలాంటి లెక్కే అడిగితే 11 మందే కరెక్ట్‌గా చెప్పారు, జవాబు 2 శాతం దగ్గర ఉంటే దాదాపు సగం మంది 95 శాతం అన్నారు.

ఇంకోటి, రిపోర్టులో ఉండే నార్మల్ రేంజ్ అనేది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 95 శాతం మంది ఎక్కడున్నారో చూసి గీసిన గీత, అంటే 5 శాతం మంది ఆరోగ్యవంతులు గీత బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే ఏ జబ్బూ లేని 100 మందిలో 64 మందికి కనీసం ఒక్కటైనా ఎర్రగా వస్తుంది, ఇక 80 చేస్తే ఊహించుకోండి.

ఆడవాళ్ళ ప్యాకేజీల్లో సీఏ 125 అనే బ్లడ్ టెస్టు పెడతారు, ఓవరీ క్యాన్సర్ కోసం. అది పీరియడ్స్‌లో పెరుగుతుంది, ఫైబ్రాయిడ్స్ ఉంటే పెరుగుతుంది, కడుపులో టీబీకి కూడా పెరుగుతుంది. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్ళ మీద ఏళ్ళతరబడి చేసిన ట్రయల్ 2021లో తేల్చింది ఏంటంటే ఈ టెస్టుతో, స్కానింగ్‌తో వెతికినా చావులు తగ్గలేదు అని. సౌత్ కొరియా సంగతి ఇంకా ఘోరం, చెకప్‌లో మెడకి అల్ట్రాసౌండ్ కలిపేసరికి 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం అలాగే ఉంది. వేలమంది గొంతు కోయించుకుని జీవితాంతం మాత్ర మింగుతున్నారు, ఎందుకని? ఇక నడుం ఎమ్మారై, ఏ నొప్పీ లేని 20 ఏళ్ళవాళ్ళలో కూడా 30 శాతం మందికి డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కాస్త ఉబ్బడం, కనిపిస్తుంది, 80 ఏళ్ళకి అది 84 శాతం. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునే మనవాళ్ళు ఆ ఒక్క మాట రిపోర్టులో చదివి నడవడమే మానేస్తున్నారు.

మా బాబాయికి చెకప్‌లోనే బయటపడింది, అందుకే బతికాడు అనేవాళ్ళు ప్రతి ఇంటి చుట్టాల్లో ఉంటారు, అలాంటివి నిజంగా జరుగుతాయి కూడా. 30 దాటాక బీపీ, షుగర్ చూపించుకోవాల్సిందే. గుండెనొప్పితో చెమటలు పట్టి వచ్చినవాళ్ళకి గుండె కండరం దెబ్బతిందో లేదో రక్తంలో చూసే ట్రోపోనిన్ ప్రాణం నిలబెట్టే టెస్టు. కానీ కొరియాలో ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ నేనూ అలాగే బతికాననే అనుకుంటారు కదా, అందుకే ఒక్క మనిషి కథ చాలదు, చావుల లెక్క చూడాలి.

ఆ లెక్క మన దేశంలోనే ఉంది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్ళు దాదాపు 1.5 లక్షల మంది ఆడవాళ్ళతో చేసిన ట్రయల్‌లో, డాక్టర్లు కూడా కాదు, ట్రైనింగ్ ఇచ్చిన హెల్త్ వర్కర్లు, వెనిగర్ లాంటి ద్రావణం రాసి గర్భాశయ ముఖద్వారాన్ని కళ్ళతో చూశారు, ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. ఎవరికి, దేనికోసం అని ముందే ఆలోచించి చూస్తే అంత చవకగా పనవుతుంది.

నా అసలు బాధ ఇక్కడే. మనం మెషిన్‌కి డబ్బు కడతాం, డాక్టర్ టైముకి కట్టం. 2017లో చాలా దేశాలు పోల్చి చూసిన ఒక స్టడీలో మన దగ్గర ప్రైమరీ కేర్ డాక్టర్ ఒక పేషెంట్‌తో ఉండేది దాదాపు 2 నిమిషాలు, స్వీడన్‌లో 20 దాటింది. దానికి తోడు ఊరినుంచి వచ్చిన అమ్మకి కన్నడం రాదు ఇంగ్లిష్ రాదు, కడుపులో ఎలా ఉంటుందో తను చెప్పాలనుకున్నది పక్కన కూర్చున్న కొడుకు "స్టమక్ పెయిన్ డాక్టర్" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు, తిన్నాకా తినకముందా, రాత్రుళ్ళు మెలకువొస్తుందా, బరువు తగ్గిందా ఇవేవీ ఎవరూ అడగరు, చివరికి స్కాన్ రాస్తారు. ఆ అమ్మ దగ్గర ఉన్న సమాచారం ఏ స్కాన్‌లోనూ ఉండదు. బెంగళూరులో తెలుగొచ్చిన డాక్టర్లకి కరువా, ఏ ఏరియాలో అయినా దొరుకుతారు.

వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్ళు హెల్త్ క్యాంప్ అని రక్తం తీయించే బదులు అలాంటి జనరల్ ఫిజీషియన్‌ని ఆదివారం క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టి పెద్దవాళ్ళకి తలా 15 నిమిషాలు ఇప్పించండి, బీపీ చూసి, పొట్ట నొక్కి చూసి, అవసరమైతే ఆయనే ఏ టెస్టు కావాలో రాస్తారు. ఆఫీసుల్లో హెచ్ఆర్‌ని కూడా ఇదే అడగండి, ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి ముందే, ఆ 80 టెస్టుల కూపన్ బదులు ఫ్యామిలీ డాక్టర్ కన్సల్టేషన్ ఇవ్వమని.