సుత్తి గారూ, మీరు కాసేపు పక్కన కూర్చోండి

శ్రీయుత సుత్తి గారికి,

సింగరాయకొండ నుంచి ఒక పాత కారు యజమాని రాసుకుంటున్న ఉత్తరం. నిజానికి ఇది మేస్త్రీకి రాయాలి. కానీ ఆయన షెడ్డులో ఏ నిర్ణయమైనా మీదేనని ఆ రోజు కళ్లారా చూశాను కాబట్టి నేరుగా మీకే రాస్తున్నా. విసిగించే మాటలకి మనవాళ్లు మీ పేరెందుకు పెట్టారో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు, ఆ రోజు అర్థమైంది. ఒకే మాట, అదే చోట, మళ్లీ మళ్లీ.

సంగతి మీకు గుర్తుండకపోవచ్చు, రోజుకి ఎన్ని చూస్తారో. మా కారు ఇంజను ముందుండే క్రాంక్ పుల్లీ, షాపులో డంపర్ పుల్లీ అని అడిగితే ఇచ్చేది, దాని రబ్బరు చిట్లి బయటి చక్రం వంకరగా ఊగుతుంటే కొత్తది కొనుక్కొచ్చాను. చేత్తో పెడితే అర అంగుళం ఎక్కి ఆగిపోయింది. మేస్త్రీ ఒకసారి పుల్లీ వైపు, ఒకసారి నా వైపు చూసి, "టెన్షన్ పడమాకండి సార్, రెండు దెబ్బలేస్తే అదే కూర్చుంటది" అని చెయ్యి చాపాడు. కుర్రాడు ఏం కావాలని కూడా అడక్కుండా మిమ్మల్ని అందించాడు. మధ్యలో ఒక చెక్క ముక్క కూడా పెట్టారు లెండి, మర్యాదకి.

రెండు దెబ్బలు పదహారయ్యాయి. పుల్లీ కూర్చోలేదు. కూర్చున్నది నేను, షెడ్డు ముందు స్టూలు మీద, తల పట్టుకుని.

అసలు ఆ పుల్లీ బిగుతుగా ఉండటం తయారీలో తప్పు కాదండీ, కావాలనే అట్లా చేస్తారు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 100 సార్లు లోపల మంట అంటుకుంటుంది, అంటుకున్న ప్రతిసారీ ఈ పుల్లీ ఎక్కే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్, తడిబట్టని పిండినట్టు రవ్వంత మెలితిరిగి మళ్లీ వెనక్కొస్తుంది. అంత లావు ఉక్కు మెలితిరగడమేంటని నేనూ మొదట నమ్మలేదు. ఒక్కో వేగం దగ్గర ఈ మెలికలు ఉయ్యాలని సరిగ్గా సమయం చూసి తోసినట్టు ఒకదానికొకటి తోడై పెరుగుతాయి, అట్లా పెరిగి షాఫ్టులు విరిగిన రోజులున్నాయి. వందేళ్లకి ముందే ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజినీరు ఈ జబ్బుకి మందు కనిపెట్టాడు. ఇప్పటి పుల్లీల్లో మధ్య బొడ్డుకీ బయటి బరువు చక్రానికీ నడుమ రబ్బరు పట్టీ ఉంటుంది, ఆ ఊపుని అదే మింగుతుంది. బొడ్డు షాఫ్టుని కరుచుకుని ఉంటేనే ఆ పని జరుగుతుంది. "పోనీ, లేత్ మీద లోపల కాస్త గీకిద్దామా?" అన్నాడు మీ మేస్త్రీ. మీ స్నేహితుడి ఆలోచన కూడా మీలాంటిదే.

ఇక మీ ప్రతాపం. మీరు కొట్టింది బయటి చక్రం మీద. రబ్బరు జారింది, చక్రం పక్కకి తిరిగింది, దాని మీదున్న టైమింగ్ మార్కు, అంటే మంట సరైన సమయానికి అంటుకుంటోందా అని చూసుకునే గీత, అబద్ధం చెప్పడం మొదలెట్టింది. కొత్త పుల్లీ, ఒక్క కిలోమీటరు తిరక్కుండానే పాత సామాన్లలోకి. అంతేనా, అక్కడ ఇచ్చిన ప్రతి దెబ్బా షాఫ్టు పొడుగునా లోపలికి పోయి షాఫ్టు ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే పల్చటి బిళ్లల మీద, అవే థ్రస్ట్ వాషర్లు, వాటి మీద పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. చీమకుర్తిలో నల్ల గ్రానైట్‌ని కూడా వజ్రాల వైరు రంపంతో ఒద్దికగా కోస్తున్నారండీ ఈ రోజుల్లో. కొండరాయికిచ్చే గౌరవం నా ఇంజనుకి దక్కలేదు.

మీ వంశాన్ని తిడుతున్నానని అనుకోవద్దు. వెనకటికి ఊళ్లల్లో కమ్మరి, ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేవాడు. చక్రం కంటే ఆ పట్టా కొంచెం చిన్నదే. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే పెరుగుతుంది, పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బుస్సుమని పొగలొస్తూ బిగుసుకుంటుంది. అక్కడ కూడా మీ తాతగారుండేవారు, కానీ మంట తన పని చేశాకే, సర్దడానికి నాలుగు దెబ్బలు. ఆ కమ్మరికి తెలిసింది మన షెడ్డు దాకా ఎందుకు రాలేదో మరి.

రెండో పుల్లీ కొని (డబ్బు సంగతి ఎత్తను, ఇంట్లో వాళ్లు చదువుతారు) పని నేనే పెట్టుకున్నా. పుల్లీని షాఫ్టుకి బిగించే పాత బోల్టుని వెంట పట్టుకెళ్లి, ఒంగోల్లో లేత్ షాపులో అవే మరలతో పొడుగాటి కడ్డీ, దానికో నట్టు, లావు వాషరు, చిన్న బేరింగు చేయించుకున్నా. ఉన్న బోల్టుతోనే లాగేస్తే పోలేదా అన్నారు ఒకరిద్దరు. పోతుంది, షాఫ్టులో మరలే పోతాయి, ఎందుకంటే మొదట్లో ఆ బోల్టుకి అందేది నాలుగైదు మరలే. అదే కడ్డీ అయితే ముందే లోపలిదాకా బిగించుకోవచ్చు.

పుల్లీ షాఫ్టు మీద జారి తిరక్కుండా పట్టే ఇనుప ముక్క, అదే కీ, దాని గాడి అంచుల్ని ఎమిరీ పేపర్‌తో రుద్ది, షాఫ్టు ముక్కుకి పల్చగా ఆయిల్ రాసి, పుల్లీని గుండిగలో మరిగే నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచా. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి రబ్బరు కాలుతుందన్న భయం లేదు. "నీ పుల్లీకి తలంటు పోస్తన్నావా ఏందిరా?" అంది అమ్మ. 32 మిల్లీమీటర్ల రంధ్రం ఆ వేడికి పెరిగేది 25 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో మూడో వంతు. మీకు కనపడదు. కానీ ఆ మూడో వంతు కోసమే మీరు పదహారు దెబ్బలు కొట్టారు.

బయటికి తీసి, తుడిచి, గాడి చూసుకుని తొడిగా. ఆలస్యం చేస్తే వేడంతా షాఫ్టుకి పోయి మధ్యలోనే పట్టేస్తుంది. కడ్డీని ఒక పానాతో పట్టుకుని, ఇంకో పానాతో నట్టు తిప్పుతుంటే చప్పుడు లేకుండా లోపలికి పోయింది. ఒకచోట నట్టు ఉన్నట్టుండి రాయిలా బిగిసింది, అదే దాని చోటు. తర్వాత కడ్డీ తీసేసి, కారుని అయిదో గేరులో పెట్టి, మా తమ్ముణ్ణి బ్రేకు తొక్కి కూర్చోమని, అసలు బోల్టుని పుస్తకంలో ఉన్న కొలతకి టార్క్ రెంచ్‌తో బిగించా.

ఇది విని మీ మేస్త్రీ ఆ కడ్డీ ఒక్క రోజుకి ఇవ్వమని తీసుకెళ్లాడు. సంతోషించా. వారమైనా రాకపోతే నిన్న షెడ్డుకి వెళ్లా. ఎవరిదో ఇంజనుకి కడ్డీని చక్కగా బిగించి ఉంచాడు, నట్టుకి పానా కూడా వేసి ఉంది. ఆ పానా చివర మీరు, ఠంగ్ ఠంగ్ మని.

ఇట్లు,
ఒకే కారుకి రెండు పుల్లీలు కొన్నవాడు
సింగరాయకొండ