పంటి బిగువున ఎన్నాళ్ళు?

కష్టమొస్తే పంటి బిగువున ఓర్చుకోవాలని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఆ మాటని ఒళ్ళు నిజంగానే పాటిస్తుందని నాకు పన్ను చిట్లాక గానీ తెలియలేదు.

ఆరు నెలలు చెవిపోటుతో తిరిగాను. పరీక్ష చేసిన డాక్టర్ చెవి బాగానే ఉందన్నారు. పొద్దున లేస్తూనే కణతల్లో నొప్పి. నిద్ర చాలలేదేమో అనుకుని టాబ్లెట్ వేసుకునేదాన్ని. కింది దంతానికి పెట్టిన ఫిల్లింగ్ రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ అదే క్లినిక్‌లో మళ్ళీ పెట్టి పంపారు. ఎందుకు ఊడుతోందని ఒక్కరూ అడగలేదు. ఒకరోజు మెత్తటిదేదో నములుతుంటే పన్ను జివ్వుమంది, షాక్ కొట్టినట్టు. చూస్తే నిలువునా చిట్లింది.

ఈసారి వేరే డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అద్దం నా చేతికిచ్చి చూపించారు. కోరపళ్ళ మొనలు అరిగి చదునైపోయాయి. బుగ్గ లోపల పళ్ళు కలిసే చోట తెల్లటి గీత. నాలుక అంచంతా పళ్ళ అచ్చులు. దవడ మీద రెండు వేళ్ళు పెట్టి పళ్ళు బిగించమన్నారు. కండ రాయిలా పైకి లేచింది. అప్పుడు అడిగారు, "ఈ మధ్య మనసు ఎలా ఉంటోందమ్మా?" అని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరు నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కరే.

ఇలా మనకి తెలియకుండానే పళ్ళు బిగించడాన్నీ, కొరకడాన్నీ బ్రక్సిజం అంటారు. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపళ్ళూ కిందిపళ్ళూ తగలకూడదు. పెదవులు మూసి ఉన్నా లోపల పళ్ళ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనకి తెలియకుండానే ఆ ఖాళీ మూసుకుపోతుంది. పగలైతే గమనించి వదులు చేసుకోవచ్చు, నిద్రలో ఎవరు చెప్తారు? దవడ కీలు సరిగ్గా చెవి ముందే ఉంటుంది. అందుకే నొప్పి చెవిలో ఉన్నట్టు అనిపిస్తుంది. నోరు తెరిస్తే టక్కుమని చప్పుడొచ్చేదీ అక్కడి నుంచే. పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. కానీ విరిగిన ఎముక అతుక్కున్నట్టు అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. దిగులుగా ఉన్నప్పుడు నోరెండిపోతుంది కదా, లాలాజలం తగ్గితే పుచ్చుకి దారి దొరికినట్టే.

ఇది నా ఒక్కదాని గోల కాదు. కోవిడ్ కాలంలో, 2021లో, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ డెంటిస్టులని అడిగితే 70 శాతం మంది పళ్ళు కొరికే, బిగించే కేసులు పెరిగాయన్నారు. అన్నిటికీ ఒత్తిడే కారణమని నేననను. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్నా, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందుల వల్లా ఇలా జరగొచ్చు. కాఫీ, మద్యం, సిగరెట్ దీన్ని ఇంకా పెంచుతాయి. ఏది కారణమో తెలియాలంటే ముందు అడగాలి కదా! పన్నుని ఒక్కదాన్నే చూసి, ఆ పన్ను ఏ మనిషి నోట్లో ఉందో చూడకపోతే ఎలా?

ఇంట్లోవాళ్ళు "టెన్షన్ పడకు" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ బిగుసుకున్న దవడ ఆ మాటకి వదులవదు. రాత్రిళ్ళు పళ్ళకి నైట్ గార్డ్ అనే తొడుగు పెట్టుకుంటున్నాను. అది పళ్ళు అరగకుండా కాపాడుతుంది, బిగించడాన్ని మాత్రం మాన్పించలేదు. దానికోసం కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను. దవడ నొప్పికి కౌన్సెలింగ్ ఏమిటని అడిగినవాళ్ళకి ఓపిగ్గా చెప్తున్నాను.

ఆ డెంటిస్ట్ చెప్పినట్టే కంప్యూటర్ అంచున ఓ ఎర్ర చుక్క అంటించుకున్నాను. అది కంటపడ్డప్పుడల్లా నాలుక కొనని పైపళ్ళ వెనక అంగిలికి ఆనించి దవడ వదిలేయాలి. మొదటివారం ఎప్పుడు చూసుకున్నా పళ్ళు కలిసే ఉన్నాయి. ఇప్పుడు మధ్యాహ్నం దాకా విడిగానే ఉంటున్నాయి. సాయంత్రం మీటింగ్ అయ్యేసరికి మాత్రం ఇంకా బిగుసుకునే ఉంటున్నాయి.