వారసుల జాడ తెలియని కథలు

కాపీరైటు విషయంలో దేశాలను పోల్చేటప్పుడు మనం ముందుగా ఏళ్లు లెక్కపెడతాం. రచయిత పోయాక మన దేశంలో 60 ఏళ్లు, ఐరోపా సమాఖ్యలో 70, బెర్న్ అంతర్జాతీయ కాపీరైటు ఒప్పందం ప్రకారం మామూలుగా కనీసం 50. (మన 50 ఏళ్లు 60 అయింది 1992లో, రవీంద్రుడి రచనల గడువు తీరిపోతోందన్న ఆదుర్దాతో.) పేరున్నవారికి ఈ లెక్క సులువుగానే తేలుతుంది. విజయనగరం గురజాడ 1915లో కన్నుమూశారు కనుక అప్పటి 50 ఏళ్ల లెక్కన 1966 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 2021లో వెళ్లిపోయారు. ఆయన కథలపై హక్కు 2081 చివరిదాకా ఉంటుంది.

చిక్కంతా మిగిలినవారితోనే. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం వంటి చోట పాత పత్రికలు తిరగేసేవారికి ఇది తెలిసిన సంగతే. అంచులు పెళుసెక్కి, పిన్నులు తుప్పుపట్టిన సంచికలో ఒక మంచి కథ కంటబడుతుంది. కింద రెండు పొడి అక్షరాలూ ఒక పేరూ తప్ప మరేమీ ఉండదు. మారుపేరైతే మరీ ఇబ్బంది. అటువంటి రచనకు అచ్చయిన ఏడాది దాటాక 60 ఏళ్లే రక్షణ కాబట్టి 1958 నాటి కథకు 2018తో గడువు తీరిందనుకోవచ్చు. కానీ ఈలోగా అసలు రచయిత ఎవరో వెల్లడై ఉంటే లెక్క ఆయన మరణం నుంచి మొదలవుతుంది.

2012 సవరణ పుణ్యమా అని లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి స్కాన్ చేసుకోవచ్చు. దాన్ని ఇంటర్నెట్‌లో అందరి ముందూ ఉంచడానికి మాత్రం ఆ వెసులుబాటు చాలదు. ఐరోపా సమాఖ్య అదే ఏడాది ఇంకాస్త ముందుకు వెళ్లింది: శ్రద్ధగా వెతికినా హక్కుదారు దొరకకపోతే గ్రంథాలయం ఆ సంగతి ఉమ్మడి జాబితాకెక్కించి రచనను ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, తర్వాత హక్కుదారు వస్తే పరిహారం ఇవ్వాలి. కెనడాలోనైతే అలాంటి అనుమతిని కాపీరైట్ బోర్డు ఇస్తుంది.

మనకూ దారి లేకపోలేదు. హక్కుదారు జాడ తెలియని రచనను అచ్చేయడానికి కాపీరైటు చట్టంలోని 31ఎ సెక్షన్ కింద లైసెన్సు కోరవచ్చు. అయితే ఆ దరఖాస్తులు చూసే అప్పిలేట్ బోర్డు 2021లో రద్దయ్యాక అందుకు కోర్టు మెట్లెక్కాలి. అంతకంటే ముందు, దేశంలో ఎక్కువ భాగం చెలామణీలో ఉన్న ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. రచన ఉన్న భాషలో వేయాలన్న నియమం లేదు. అనువాదానికి అనుమతి కోరితే మాత్రం ఆ అనువాద భాషా పత్రికలోనూ వేయాలి. ఆమదాలవలసలోనో రాజాంలోనో ఉన్న మనవరాలికి తాతగారి కథ గురించి ఢిల్లీలో అచ్చయ్యే ఇంగ్లీషు పేపరు కబురు చెబుతుందని ఎవరనుకున్నారో గాని, ఫలితం కళ్లముందే ఉంది. నిజాయితీగా అడగాలనుకున్నవాడు ఖర్చుకు జడిసి సంకలనం మానుకుంటాడు, అడగనివాడు హాయిగా అచ్చేసుకుంటాడు. రక్షణ కాలాన్ని మరో పదేళ్లు పెంచాలా వద్దా అన్న వాదన కన్నా ముందు ఆ ప్రకటనను తెలుగు పేపర్లో, జిల్లా ఎడిషన్‌లో వేయించే సవరణ తేవాలి.