చిలీ ఓటు మీద పరాయి సొమ్ము

1970 సెప్టెంబరు 15న వైట్‌హౌస్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మాట్లాడుతుంటే గూఢచారి సంస్థ సీఐఏ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ చేత్తో రాసుకున్న కాగితం ఒకటుంది. ఇవాళ దాన్ని ఎవరైనా చూడొచ్చు. అన్నీ గబగబా గీసుకున్న పొడి మాటలే. అవకాశం పదింట ఒక వంతే అయినా చిలీని కాపాడాలి. కోటి డాలర్లున్నాయి, కావాలంటే ఇంకా ఇస్తాం. ఎంబసీ తలదూర్చకూడదు. ఆ దేశ ఆర్థిక వ్యవస్థ గగ్గోలు పెట్టాలి. అప్పటికి చిలీలో పోలింగ్ జరిగి పదకొండు రోజులే అయింది. 36 శాతం పైచిలుకు ఓట్లతో ముందు నిలిచిన వామపక్ష అభ్యర్థి సాల్వడార్ అలెండీ ఇంకా ప్రమాణ స్వీకారమైనా చేయలేదు. ఒక్క ఫైలు మీద సంతకం పెట్టకముందే ఆయన్ని దించే పని మొదలైపోయింది.

ఇదంతా వామపక్షాల ప్రచారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. లెక్కలు తేల్చింది అమెరికా సెనేటే. ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన వేసిన కమిటీ 1975లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1964 ఎన్నికల్లో అలెండీ మీద గెలిచిన క్రిస్టియన్ డెమోక్రాట్ ఎడువార్డో ఫ్రెయ్ ప్రచార ఖర్చులో సగానికి పైగా సీఐఏ జేబులోంచే వెళ్లింది. 1970 ఎన్నికల నుంచి 1973 సైనిక కుట్ర దాకా మరో 80 లక్షల డాలర్లు ప్రతిపక్షాలకు, పత్రికలకు, వ్యాపార సంఘాలకు చేరాయి.

ఒక పత్రికగా మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది ఎల్ మెర్కూరియో ఉదంతం. అది చిలీలో అతిపెద్ద దినపత్రిక. హెల్మ్స్ ఆ నోట్సు రాసుకున్న రోజు ఉదయమే పత్రిక యజమాని అగస్టిన్ ఎడ్వర్డ్స్ వాషింగ్టన్‌లో నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్‌తో కలిసి టిఫిన్ చేశారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆ పత్రికకు 7 లక్షల డాలర్లు ఇవ్వడానికి నిక్సన్ స్వయంగా ఒప్పుకున్నారు. 1972 ఏప్రిల్లో ఇంకో 9.65 లక్షలు మంజూరయ్యాయి. ప్రభుత్వాన్ని ఏకిపారేయడం ఏ పత్రికకైనా హక్కే, చాలాసార్లు బాధ్యత కూడా. కానీ పొద్దున్నే డబ్బిచ్చి పేపరు కొన్న చిలీ రాజధాని శాంటియాగో పాఠకుడికి, తాను చదువుతున్న సంపాదకీయానికి కాగితం, సిరా ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో తెలియదు. అతను దాన్ని తన దేశపు గొంతు అనుకున్నాడు. ఆ నమ్మకాన్ని అమ్ముకోవడం కన్నా పెద్ద ద్రోహం మా వృత్తిలో లేదు.

డబ్బుతో ఆగలేదు. సైన్యం రాజ్యాంగానికి కట్టుబడి ఉండాలని పట్టుబట్టిన సైన్యాధిపతి రెనే ష్నైడర్ అడ్డు తొలగాలని అలెండీని గద్దెనెక్కనివ్వకూడదనుకున్న కుట్రదారులు నిశ్చయించారు. చిలీ పార్లమెంటు అలెండీ ఎన్నికను ఖరారు చేయడానికి రెండు రోజుల ముందు, 1970 అక్టోబరు 22న, ఆఫీసుకు వెళ్తున్న ఆయన కారును చుట్టుముట్టి కాల్చారు. మూడు రోజులకు చనిపోయారు. కిడ్నాప్ పథకాన్ని ప్రోత్సహించిన సీఐఏ ఒక ముఠాకు మెషీన్‌గన్లు అందించింది. కాల్చింది వేరే ముఠా అని సెనేట్ కమిటీ తేల్చింది నిజమే. కానీ ఆ ముఠాకూ తర్వాత 35 వేల డాలర్లు ముట్టాయి.

అలెండీ పాలనలో తప్పులు లేవని మేము అనం. ధరలు ఆకాశాన్నంటాయి, సరుకుల కోసం జనం క్యూలు కట్టారు, విపక్షాల కోపంలో న్యాయం ఉంది. అలెండీ వైపు క్యూబా సొమ్ము వచ్చిందన్న మాటా అదే నివేదికలో ఉంది. అలా తీసుకోవడమూ తప్పే. అయితే ఆ కష్టాల్లో ఎంత స్వయంకృతమో, ఎంత బయటి నుంచి బిగించిందో విడదీసి చూడాలి. అమెరికా ఎగుమతి-దిగుమతి బ్యాంకు అప్పులు 1967లో 23 కోట్ల డాలర్లకు పైగా ఉంటే 1971కి సున్నా అయ్యాయి. ప్రపంచ బ్యాంకు కొత్త రుణం ఒక్కటీ ఇవ్వలేదు. సైన్యానికిచ్చే సాయం మాత్రం ఆగలేదు. 1972 అక్టోబరులో లారీ యజమానులు సమ్మెకు దిగారు. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా పొడవున్న దేశంలో లారీలు ఆగితే కూరగాయలు కూడా కదలవు. సమ్మెకు దన్నుగా నిలిచిన ప్రైవేటు సంఘాల్లో కొన్ని సీఐఏ నిధులు తీసుకున్నవే.

ఇంత జరిగినా 1973 మార్చి పార్లమెంటు ఎన్నికల్లో అలెండీ కూటమికి 43 శాతం పైగా ఓట్లొచ్చాయి. ఆయన్ని అభిశంసించడానికి కావాల్సిన మూడింట రెండు వంతుల బలాన్ని ప్రజలు విపక్షానికి ఇవ్వలేదు. ఆరు నెలలకు, సెప్టెంబరు 11న, విమానాలు లా మొనేదా అధ్యక్ష భవనం మీద బాంబులు వేశాయి. అలెండీ అందులోనే ప్రాణాలొదిలారు. ఆ రోజు కుట్రలో అమెరికా నేరుగా పాల్గొన్నట్టు ఆధారం దొరకలేదని కమిటీ చెప్పింది. ఐదు రోజుల తర్వాత మాత్రం, మనం సాయపడ్డాం, పరిస్థితులు సిద్ధం చేశాం అని కిసింజర్ ఫోన్లో నిక్సన్‌తో అన్నారు. ఆ సంభాషణ ప్రతి కూడా బయటికొచ్చింది.

పరాయి సాయం తీసుకున్న ప్రత్యర్థులకు చివరికి ఏం దక్కింది? జనరళ్లు కొద్ది నెలల్లో ఎన్నికలు పెట్టి బ్యారక్‌లకు వెళ్లిపోతారని క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకులు చాలామంది నమ్మారు. కుట్రతో గద్దెనెక్కిన సైన్యాధిపతి పినోచెట్ 1990 దాకా కుర్చీ దిగలేదు. మూడు వేల మందికి పైగా హతమయ్యారు, లేదా జాడ లేకుండా పోయారు. పదుల వేల మంది చిత్రహింసలు అనుభవించారు. క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీనే 1977లో రద్దు చేశారు. కుట్రను మొదటి నుంచీ ఖండించిన ఆ పార్టీ పెద్ద బెర్నార్డో లైటన్ మీద, ఆయన భార్య మీద 1975లో రోమ్ నగరంలో కాల్పులు జరిగాయి. ఇద్దరూ బతికారు గానీ మునుపటిలా లేరు.

మన దగ్గరా ఈ మరక ఉంది. కమ్యూనిస్టుల గెలుపును అడ్డుకోవడానికి కేరళలో ఒకసారి, బెంగాల్లో ఒకసారి కాంగ్రెస్‌కు అమెరికా డబ్బిచ్చిందని ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన మోయినిహాన్ 1978లో రాశారు. ఇందిరాగాంధీ కాదన్నారు. ఆమె హయాంలోనే పార్టీలకు విదేశీ విరాళాలను నిషేధిస్తూ 1976లో చట్టమొచ్చింది. అదే ఇందిర, తనను ప్రశ్నించిన ప్రతివారిలోనూ 'విదేశీ హస్తం' చూశారు. ఇవాళ్టి పాలకులదీ అదే అలవాటు. చిలీలో నేరం రుజువైంది కాగితాలతో. కాగితం చూపకుండా విమర్శకుడి మీద ఆ ముద్ర వేయడాన్ని మేము ఒప్పుకోం.

ఆ చట్టం గతేమైందో కూడా చెప్పాలి. విదేశీ కంపెనీ అనుబంధ సంస్థల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ చట్టవిరుద్ధంగా విరాళాలు తీసుకున్నాయని ఢిల్లీ హైకోర్టు 2014 మార్చిలో తేల్చింది. శిక్ష పడాల్సిన చోట చట్టాన్నే మార్చారు. 2016లో 'విదేశీ' అన్న నిర్వచనాన్ని సడలించి, 2018లో దాన్ని ఇంకా వెనక్కి, ఏకంగా 1976 ఆగస్టు నుంచే వర్తింపజేశారు. 2018 ఆర్థిక బిల్లులో దూర్చిన ఆ సవరణ మీద లోక్‌సభలో చర్చే జరగలేదు. ప్రత్యేక హోదా కోసం మన ఎంపీలు వెల్‌లో నినాదాలిస్తుండగా, ఆ గందరగోళంలోనే బిల్లు గట్టెక్కింది.

ఆ సవరణలను రద్దు చేయాలి. 1976 నుంచి ఏ పార్టీకి ఏ విదేశీ కంపెనీ అనుబంధ సంస్థ ఎంతిచ్చిందో ఎన్నికల సంఘం ప్రజల ముందు పెట్టాలి. లాభపడిన రెండు జాతీయ పార్టీలూ ఈ పని తమంతట తాము చేయవు. ఆ రోజు సభలో ఉన్న తెలుగు పార్టీలైనా ప్రైవేటు మెంబర్ బిల్లు తేవాలి. వచ్చే సమావేశాల్లోనే తేవాలి.