గుర్రమెక్కిన రౌతు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ డిసెంబరు మొదట్లో నాకొక చెక్క అచ్చు ఇచ్చారు. చదునైన పలకలో గుర్రమెక్కిన రౌతును లోతుగా చెక్కారు. ఆ ప్రాంతంలో క్రిస్మస్‌కు చేసే స్ప్రింగర్లె బిస్కెట్లను ఇలాంటి అచ్చులతోనే ఒత్తుతారు. గుడ్లు, పంచదార పొడి, మైదా, సోంపు వాసన వేసే అనీస్ గింజలు, పిండి పొంగడానికి చిటికెడు జింక కొమ్ము ఉప్పు. పూర్వం నిజంగా కొమ్ముల నుంచే తీసేవారట, ఇప్పుడు దుకాణంలో పొట్లంగా దొరుకుతుంది.

"ఒత్తాక 24 గంటలు ఆరాలి" అని ఆవిడ రెండుసార్లు చెప్పారు. చిన్నప్పుడు డాబా మీద కర్ర పట్టుకుని వడియాలకు కాకుల కాపలా కాసినవాణ్ణి, ఆరబెట్టడం గురించి నాకు చెప్పడమా! హీటరు పక్కన రెండు గంటలు ఉంచి ఓవెన్‌లోకి తోసేశాను.

పది నిమిషాల్లో ఇల్లంతా ఘాటు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆవిడ బూట్లయినా విప్పకుండా నేరుగా వెళ్లి మా ఆరేళ్ల వాడి పక్క తడిమి చూసింది.

"మళ్లీనా నాన్నా?"

"నేను కాదు!" అని వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఒక్క క్షణం నేను నోరు మెదపలేదు, ఒప్పుకుంటున్నాను. తర్వాత గడ్డకట్టే చలిలో కిటికీలన్నీ తెరిచి, వేడికి ఆ ఉప్పు విడిపోయి అమ్మోనియా వస్తుందనీ, బిస్కెట్లు చల్లారేసరికి వాసన పోతుందనీ రసాయనశాస్త్రం చెప్పబోయాను. వినేవారెవరు?

అసలు నష్టం ట్రేలో కనబడింది. పైపొర బాగా ఆరి బిగుసుకుంటేనే పిండి కిందినుంచి పొంగుతుంది, బొమ్మ చెదరదు, అడుగున చిన్న పాదాల్లాంటి అంచు వస్తుంది. నావి నడినెత్తిన పొంగాయి. గుర్రం మెడ ఉబ్బింది, చెవులు కొమ్ములయ్యాయి. రౌతు టోపీ కిరీటమైంది, పొట్ట ముందుకొచ్చింది. అచ్చం దున్నపోతు మీద యమధర్మరాజు! అలాంటివారు 30 మంది బారులు తీరి నన్నే చూస్తున్నారు.

వాసన మెట్లు దిగి వెళ్లినట్టుంది, పెద్దావిడ పైకి వచ్చారు. ఒకటి చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీ దేవుడా?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

"అవునండీ" అన్నాను. "దక్షిణ దిక్కు ఆయనదే."